సగం రాయి

ఉద్యోగం చేసినన్నాళ్ళూ చిన్నపిల్లలకు లెక్కలు చెప్పాను. తప్పు జవాబు కనిపిస్తే నా చెయ్యి దానంతట అదే ఎర్ర పెన్ను కోసం వెతికేది. ఒక్కసారి మాత్రం అలా జరగలేదు. ఒక పిల్ల నా ఎదురుగా తప్పు జవాబు చెప్పింది. అది తప్పని నాకు తెలుసు. అడిగిన మనిషి నా వైపు తిరిగి నమ్మవచ్చా అంటే, నమ్మవచ్చని చెప్పాను. ఈ సంగతి బాపుకు చెప్పలేదు. పెళ్ళయ్యాక ఇంట్లో చెప్పలేదు. ఏ రోజూ వదలకుండా రాసుకున్న డైరీలో కూడా ఆ రోజు పేజీలో "ఈరోజు భిన్నాలు" అన్న రెండు మాటలే ఉన్నాయి.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, జగిత్యాలలో మా వీధిలో ఉండే అమ్మాయికి కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. మొన్న వచ్చి అడిగింది. "మేడం, భిన్నాలు ఎట్ల చెప్పాలె? పిల్లలకు అస్సలే ఎక్కుతలేవు. సంఖ్యారేఖ గీస్తే గీత దిక్కు చూస్తున్నరు, నా దిక్కు చూస్తున్నరు, మళ్ళ గీత దిక్కు చూస్తున్నరు."

చెప్పడం మొదలుపెట్టాను. సగం దగ్గర ఆగిపోయాను. ఆ పిల్ల టీ తాగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెట్టె తీసి పాత డైరీలు బయట పెట్టుకున్నాను. అవి రాసింది అప్పటి నేను, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. పెద్దవాళ్ళ ముందు నోరు పెగలదు. కోరుట్ల గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలను టిఫిను డబ్బా కింద దాచుకుని బస్సులో చదివేది. ఇందులో చాలా మటుకు ఆ అమ్మాయి మాటలే.

సాంచాల ఊరి నుంచి

నేను సిరిసిల్లలో పుట్టాను. బాపు మొదట మగ్గం నేసేవాడు, తర్వాత కరెంటుతో నడిచే సాంచాల మీదికి మారాడు. మా వాడలో మాట్లాడాలంటే సాంచాల చప్పుడు మీద గొంతు లేపాలి. నాకు గొంతు లేవదు కాబట్టి మాట్లాడకుండా పెరిగాను. ఆ చప్పుడు ఆగితేనే భయమేసేది. కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారి ఆగితే, ఇంట్లోకి ఎవరో వచ్చి నిలబడినట్టు ఉండేది.

మొదటి పోస్టింగు మల్లాపూర్ దాటాక లోపలికి, అడవి అంచున ఒక ఊరు. పేరు రాయను. కోరుట్లలో మేనత్త ఇంట్లో ఉండి పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేదాన్ని. బస్సు ఊరి మొదట్లో ఆగి అక్కడి నుంచే తిరిగిపోయేది. అది పోయాక ఆ ఊళ్ళో వినిపించే నిశ్శబ్దాన్ని నేను అంతకు ముందు ఎక్కడా వినలేదు. కోళ్ళు కూడా మెల్లగా అరిచేవి. అవి అన్నల రోజులు, నక్సలైట్లను అక్కడ అలాగే పిలిచేవాళ్ళు. అన్నలు వచ్చి పోయేవాళ్ళు, వాళ్ళ వెనక పోలీసులు వచ్చేవాళ్ళు. ఇద్దరూ అడిగేది ఒకటే: ఎవరు వచ్చారు, ఎటు పోయారు.

బడికి ఇద్దరమే టీచర్లం. హెడ్మాస్టరు గంగారాం సారు పెద్దాయన, బక్కమనిషి, ఎప్పుడూ దగ్గేవాడు. మొదటి రోజు రిజిస్టరు ఇవ్వకముందే పాఠం చెప్పాడు.

"చూడు బిడ్డా, ఎవలచ్చినా కుర్చెయ్యి. మంచినీళ్ళియ్యి. ఏమడిగినా తెల్వదను."

"నిజంగ తెల్వకపోతే, సార్?"

"అప్పుడు ఇంక కష్టం. తెల్వనోడు తెల్వదంటే ఎవలు నమ్మరు."

ఆయన నవ్వలేదు. చాలా ఏళ్ళు ఆయన్ని పిరికివాడనే అనుకున్నాను. కాదు. మాటకు ఎంత బరువుంటుందో తెలిసిన మనిషి.

ఎవలి రొట్టెల?

నాలుగో తరగతికి భిన్నాలు చెప్పాలి. అందరిలాగే నేనూ బోర్డు మీద రొట్టె గీసి నాలుగు ముక్కలు చేశాను. మూడు ముక్కలకు రంగు వేసి ముప్పావు అన్నాను. పిల్లలు కూడా ముప్పావు అన్నారు. నేర్చుకున్నారనుకున్నాను. మర్నాడు సగం పెద్దదా, ఎనిమిదింట మూడు పెద్దదా అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "మూడు బై ఎనిమిది" అంది. మూడూ ఎనిమిదీ, ఒకటీ రెండూ కన్నా పెద్దవి కదా!

వెనక వరసలో రాజవ్వ అనే పిల్ల లేచింది. కూలి చేసుకు బతికే ఎల్లవ్వ బిడ్డ. సన్నగా, పెద్ద కళ్ళతో ఉండేది. పొద్దున తల దువ్వకుండానే బడికి వచ్చేది, ఎందుకంటే తల్లి చీకటితోనే పనికి పోయేది.

"సగమంటే ఎవలి రొట్టెల టీచర్?"

"ఎవరిదైనా."

"గట్లెట్ల? పటేలోల్ల ఇంట్ల సగం రొట్టె, మా ఇంట్ల నిండు రొట్టె ఒక్క తీర్గనే ఉంటయి."

అందరూ నవ్వారు. నేను బోర్డు మీది రొట్టె వైపు తిరిగి చూశాను. ఆ పిల్ల అడిగింది న్యాయమైన ప్రశ్న. ఒకటి అంటే ఎంతో చెప్పకుండా సగం గురించి మాట్లాడుతున్నాను. రొట్టెలతో ఉండే చిక్కు అదే. పిల్లలకు భిన్నం ఒక ముక్కలా కనిపిస్తుంది, ఒక సంఖ్యలా కాదు. రెండూ ఏడూ ఎలా సంఖ్యలో, సగం కూడా అలాంటి సంఖ్యే అని, సున్నకూ ఒకటికీ నడుమ దానికి ఒక చోటు ఉందని చూపాలి. పుస్తకంలోని సంఖ్యారేఖ అందుకే ఉంది. కానీ బోర్డు మీద గీత గీస్తే పిల్లలకు గీతే కనిపించింది.

ఆదివారం ఇంటికి పోతే బాపు పడుగు సరిచేస్తున్నాడు. చీర చీరకు పడుగు దారాల మీద జాజుతో, ఒక రకం ఎర్రమట్టితో, గుర్తు పెడతారు. గుర్తు వచ్చిందంటే ఒక చీర అయిపోయిందని. చిన్నప్పుడు నేను ఆ గుర్తుల్ని లెక్కపెట్టి ఎప్పుడూ ఒక చీర ఎక్కువ చెప్పేదాన్ని. ఎందుకని బాపును అడిగాను.

"మొదటి గుర్తు కాడ ఏం నేసినం బిడ్డా? ఏం నెయ్యలె. గుర్తుల్ని గాదు, గుర్తుల నడుమ నేతను లెక్కవెట్టాలె. గుర్తంటే గీడిదాక అచ్చినమని."

బడికి పనికొచ్చే లెక్కల మాట అంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు. ఒక లావు దారం, ఇంత జాజు అడిగి తెచ్చుకున్నాను.

సోమవారం దారాన్ని కిటికీ ఊచ నుంచి తలుపు గొళ్ళేనికి కట్టాను. ఊచ దగ్గర ముడి సున్న, గొళ్ళెం దగ్గర ముడి ఒకటి. దారం విప్పి పిల్లలతోనే మడత పెట్టించాను. ఒక మడతకు సగం, రెండు మడతలకు పావులు, మూడు మడతలకు ఎనిమిదో వంతులు. మడత పడ్డ చోటల్లా జాజు గుర్తు. మళ్ళీ కట్టి, ఎనిమిదింట ఐదు చూపించమన్నాను. ఒక్కొక్కరే వచ్చారు. అందరూ సున్న ముడిని ఒకటి అంటూ మొదలుపెట్టి నాలుగో గుర్తు దగ్గర ఆగారు. మా బాపు ఇంట్లో నేను చేసిన తప్పే.

రాజవ్వ వచ్చింది. సున్న ముడి మీద వేలు పెట్టింది. పెదవులు కదపలేదు. వేలు జరిపాకే "ఒకటి" అంది. ఐదు దగ్గర సరిగ్గా ఆగింది.

"సున్నను ఎందుకు లెక్కపెట్టలేదు?"

"సున్న కాడ మనం ఇంక పోలేదు గద టీచర్. పోనిదాన్ని ఎట్ల లెక్కవెడ్తం?"

డైరీలో ఆ మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

బాట మీద గీత

ఇక్కడి నుంచి నా తప్పు మొదలవుతుంది. దారం పనిచేసింది కాబట్టి ఇంకా పెద్దది కావాలనిపించింది. పిల్లలు సంఖ్య మీద నిలబడాలి అనుకున్నాను. బడి గుమ్మం నుంచి అడవి వైపు ఒక బండిబాట పోతుంది. చివర్లో పాడుబడిన మోటబావి. పిల్లల అడుగులతో కొలిస్తే ఎనిమిది వందల అడుగులు వచ్చాయి. అది దేవుడిచ్చిన లెక్కలా తోచింది. బడి గోడలకు వేయగా మిగిలిన సున్నం ఉంది. నూరడుగులకు ఒక రాయి పెట్టి, అన్నిటికీ సున్నం పూశాం. గుమ్మం దగ్గర రాయి సున్న. బావి దగ్గర రాయి ఒకటి.

సగం రాయి దాటాక బాట పెద్ద బండలు పేరుకున్న ఒక బోడు చుట్టూ వంగుతుంది. బడి నుంచి చూస్తే సగం రాయి వరకే కనిపిస్తుంది, తక్కినవి బోడు వెనక ఉంటాయి. సగం రాయి దగ్గర ఎడమకు ఒక కాలిబాట వాగు వైపు దిగుతుంది. ఎనిమిదింట ఐదు రాయి దగ్గర కుడికి ఇంకొకటి గుట్ట ఎక్కుతుంది. అప్పట్లో నాకు ఈ కాలిబాటలు కనిపించనేలేదు. నాకు సంఖ్యలే కనిపించాయి.

గంగారాం సారు బయటికి వచ్చి చాలాసేపు చూశాడు.

"ఏంది బిడ్డా గివి?"

"సంఖ్యారేఖ, సార్."

"నాకు గట్లనే కనవడ్తుంది. ఇంకొకలకు ఇంకో తీరు కనవడ్తది. బాట మీద తెల్లరాళ్ళు ఎవల కోసమని అడుగుతరు. ఒక్కలు గాదు, ఇద్దరు అడుగుతరు. ఇద్దరికి జవాబు నువ్వే చెప్పుకోవాలె."

తల వంచుకున్నాను, కానీ రాళ్ళు తియ్యలేదు. సిగ్గున్న మనుషుల మొండితనం అలాగే ఉంటుంది. ఎదురు చెప్పరు, మాట వినరు.

ఆ రాళ్ళు పెట్టాక బాట మారిపోయింది. బండ్లవాళ్ళు పక్కనున్న చెలకల గుండా తిప్పుకు పోయేవాళ్ళు. మేకలు కాసే ముసలామె రాళ్ళ దగ్గరికి రాగానే కొంగు నెత్తి మీదికి లాక్కునేది. సాయంత్రం బస్సు ఎక్కి వెనక్కి చూస్తే, తెల్లని తలగుడ్డలు చుట్టుకున్న మనుషులు బాట వెంట దూరదూరంగా కూర్చుని ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు ఉండేది.

పిల్లలు మాత్రం ఆడుకున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికి ఒక సంఖ్య చెప్పేదాన్ని, వాళ్ళు పరుగెత్తి ఆ రాయి దగ్గర నిలబడేవాళ్ళు. నాలుగు రోజుల్లో పావు, ఎనిమిదింట రెండు ఒకే రాయి అని వాళ్ళే కనుక్కున్నారు. "టీచర్, దీనికి రెండు పేర్లున్నయి!" అని ఒక పిల్ల అక్కడి నుంచే అరిచింది. బోర్డు మీద నెల రోజులు చెప్పినా రాని సంగతి అది.

రాజవ్వ ఒక్కతే తప్పేది. ఎనిమిదింట ఐదు అంటే పోయి సగం రాయి దగ్గర నిలబడేది. బోడు దాటి పోయేది కాదు. నేను అందరి ముందు దిద్దేదాన్ని. "సున్నను లెక్కపెట్టావు మళ్ళీ!" తల వంచుకునేది. మరుసటి రోజు అదే సంఖ్య అడిగి పుచ్చుకుని మరీ పోయేది, మళ్ళీ సగం రాయి దగ్గరే నిలబడేది.

డైరీలో మూడు చోట్ల ఉంది: "రాజవ్వ దారం మీద తప్పదు. బాట మీద తప్పుతుంది. ఎందుకు?" నాకు నేనే జవాబు రాసుకున్నాను. గీత పెద్దదైతే చిన్నపిల్లలకు మొదలు ఎక్కడో మరచిపోతారని. ఎంత తెలివైన జవాబో!

మధ్యాహ్నం పూట

మోదుగలు పూసిన రోజులు. ఎండలో బాట నీళ్ళలా కదిలేది. పిల్లల్ని రాళ్ళ దగ్గరికి పంపి, గుమ్మం దగ్గరున్న ఇద్దరి పలకలు దిద్దుతున్నాను. చాలాసేపే అయింది. తలెత్తి చూస్తే సగం రాయి దగ్గర ఇద్దరున్నారు.

ఒకరు పొట్టి, ఒకరు పొడుగు. పొడుగు మనిషి చెయ్యి పొట్టి మనిషి తల మీద ఉంది. గాలి లేదు. పిట్ట కూడా కూయడం లేదు. ఏ సాంచా దగ్గరా లేని ఊళ్ళో, సాంచాలన్నీ ఒక్కసారి ఆగినట్టు అనిపించింది. కళ్ళలోకి చెమట దిగితే కొంగుతో తుడుచుకున్నాను. మళ్ళీ చూస్తే ఒక్కరే.

రాజవ్వ మెల్లగా నడిచి వచ్చింది.

"నీ దగ్గర ఎవరున్నారు?"

"ఎవ్వలు లేరు టీచర్."

తక్కిన పిల్లల వైపు చూశాను. అందరూ నేల చూస్తున్నారు. పదిహేను మంది పిల్లలు ఒకేసారి నేల చూడటం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

రాజవ్వ లోపలికి పోతుంటే వెనక నుంచి గమనించాను. పొద్దున చింపిరిగా ఉన్న తల ఇప్పుడు నున్నగా దువ్వి ఉంది. నూనె వాసన. గట్టిగా అల్లిన ఒంటిజడ, చివర మోదుగ నారతో ముడి.

గంగారాం సారుతో చెబితే చేతిలో రిజిస్టరు మూసేశాడు. "మోటబాయిల ఎన్కట ఒకామె పడ్డదట. మిట్టమధ్యాహ్నం కనవడ్తదని అంటరు. చూసినోల్లు చూసిన్నని చెప్పద్దట. చెప్తే ఇంటిదాక వెంబడి అస్తదట. నువ్వు కోరుట్ల దాక బస్సుల పోవాలె గద."

నమ్మాను. ఆ రోజు బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే అటు చూడకుండా కూర్చున్నాను. కానీ డైరీలో ఇలా రాసుకున్నాను: "దయ్యాలు జడలు వేస్తాయా?" తర్వాత పదిహేను రోజుల్లో ఇంకో మూడుసార్లు రాజవ్వ మధ్యాహ్నం జడతో తిరిగి వచ్చింది. నేను అడగలేదు. తలెత్తి చూడకుండా ఉండటం నేనూ నేర్చుకున్నాను.

మర్యాద గల మనిషి

ఒక పొద్దున ఆఫీసరు వచ్చాడు. మామూలు బట్టలు, వెంట ఇద్దరు మనుషులు. జీపు ఊరి మొదట్లో ఆపి నడిచి వచ్చారు. గంగారాం సారు కుర్చీ వేసి నీళ్ళిచ్చాడు. ఆఫీసరు "థాంక్సండీ" అన్నాడు. మన ప్రాంతం మాట కాదు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

"ఆ రాళ్ళు ఎవరు పెట్టారు?"

"నేనే, సార్."

"ఎందుకు?"

జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషికి పాఠం చెప్పాను. సున్న అన్నాను, ఒకటి అన్నాను, ఎనిమిదో వంతులన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "బాగుంది. నేనూ లెక్కల విద్యార్థినే మేడం. మాకు ఇలా ఎవరూ చెప్పలేదు," అన్నాడు. తర్వాత క్లాసులోకి చూసి "రాజవ్వ ఎవరు?" అన్నాడు.

రాజవ్వ లేచి వచ్చింది. ఆ రోజూ జడ ఉంది, నిన్నటిది, కొంచెం రేగి.

"మీ అక్క పేరు?"

"సరోజన."

సరోజన ఏడాది కింద ఇల్లు విడిచి దళంలోకి పోయిందని ఊరందరికీ తెలుసట. నాకు ఆ క్షణంలో తెలిసింది. మోటబావిలో ఎవరూ పడలేదని కూడా.

"జడ ఎవరు వేశారమ్మా?"

"అవ్వ."

"మీ అమ్మ చీకటితోనే పనికి పోతుంది కదా?" ఆయన జడ చివర ముడిని వేలితో ముట్టుకుని వదిలాడు. "మీ అమ్మ ఇప్పుడు మా జీపులో కూర్చుని ఉంది. ఒక్క మాట చెబితే ఇంటికి పంపిస్తాను. మీ అక్క వచ్చేది ఈ బాట మీదికే. మాకు తెలుసు. రెండు కాలిబాటలున్నాయి. ఒకటి వాగు వైపు, ఒకటి గుట్ట వైపు. ఏ రాయి దగ్గర దిగుతుంది? మీ టీచరు నేర్పిన లెక్కలో చెప్పు."

రాజవ్వ గుమ్మంలోకి వచ్చి బాట వైపు చూసింది. సున్న రాయి మీద చూపు పెట్టింది. పెదవులు కదిలాయి. సున్న దగ్గరే కదిలాయి. ఒకటి, రెండు, మూడు...

"అయిదు బై ఎనిమిది."

నాకు అర్థమైంది. బాట మీద ఎప్పుడూ చేసే తప్పే చేసింది. నేను ఆ పొడుగు మనిషిని చూసింది సగం రాయి దగ్గర. ఈ పిల్ల అయిదు అంటే అది నాలుగు, సగం రాయి.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఈ పిల్ల లెక్క నమ్మవచ్చా మేడం?"

గంగారాం సారు దగ్గడం ఆపేశాడు. తెల్వదు అని చెప్పమని ఆయన కళ్ళు అంటున్నాయి. కానీ తెలియదంటే ఆఫీసరు పిల్లను చెయ్యి పట్టుకుని బాట మీద నడిపిస్తాడు, రాళ్ళ దగ్గర ఆపి అడుగుతాడు. ఒకవేళ ఇవాళ ఈ పిల్ల దారం మీద చెప్పినట్టు సరిగ్గానే చెప్పి ఉంటే? అప్పుడు నా మాటతో సరోజన చచ్చిపోతుంది. ఇదంతా అనుకోవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నమ్మచ్చు సార్. మా బడిల భిన్నాలు అందరికన్న ముందు అర్థమైంది ఈ పిల్లకే."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

రెండు రోజులు

ఎల్లవ్వను ఆ సాయంత్రమే వదిలారు. మర్నాటి నుంచి బోడు వెనక, గుట్ట వైపు కాలిబాట దగ్గర మనుషులు కాపు కాశారు. మాకు కనిపించేవాళ్ళు కాదు. బడి మాత్రం తెరిచే ఉండాలని, అంతా మామూలుగా జరగాలని చెప్పి పోయారు.

మామూలుగా దారం కట్టాను. మామూలుగా అడిగాను. పిల్లలు జవాబులు చెప్పారు, కానీ ఒక్కరూ గొంతు లేపలేదు. రాజవ్వ పలక మీద గీత గీసి చెరిపి మళ్ళీ గీస్తూ కూర్చుంది. ఆ పిల్ల తల దువ్వి లేదు. నా కళ్ళు బోర్డు మీద, చెవులు బాట మీద. ఒక చప్పుడు కోసం ఎదురు చూస్తూ, అది రాకూడదని మొక్కుకుంటూ రెండు రోజులు పాఠం చెప్పాను. మధ్యాహ్నం పూట సగం రాయి ఎండలో మెరుస్తూ ఒంటరిగా ఉండేది. రెండో రోజు దాన్ని చూడకుండా తలుపు ఓరగా వేశాను.

మూడో పొద్దున బస్సు దిగి బడికి వస్తే ఇంకా ఎవరూ రాలేదు. కాళ్ళు వాటంతటవే బాట పట్టాయి. సగం రాయి మీద ఒక చెక్క దువ్వెన ఉంది. పళ్ళ మధ్య పొడుగాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. బోడుకు అవతల వంద అడుగుల దూరంలో మనుషులు కాపు కాస్తుండగా సరోజన వచ్చి, కూర్చుని, ఎదురు చూసి పోయింది. బహుశా నేను తలుపు ఓరగా వేసినప్పుడే. దువ్వెన సంచిలో వేసుకున్నాను. అది చల్లగా ఉంది.

ఆ రోజే ఆఫీసరు వచ్చాడు. కూర్చోలేదు.

"మీ పిల్ల లెక్క తప్పింది మేడం."

"పిల్లలు తప్పులు చేస్తరు సార్."

"టీచర్లు కూడా." అంటూనే గుమ్మం వైపు తిరిగాడు. తర్వాత రాళ్ళు తీసెయ్యమని వెంట వచ్చినవాళ్ళకు చెప్పాడు.

వాళ్ళు రాళ్ళన్నీ ఏరి బండి మీద బావి దాకా తీసుకుపోయారు. గుమ్మం రాయి పాతి ఉంది కాబట్టి వదిలేశారు. మేం లోపల కూర్చున్నాం. ఆ నిశ్శబ్దంలో మొదటి రాయి బావిలో పడ్డ చప్పుడు దూరం నుంచి, నేల కింద నుంచి వచ్చినట్టు వినిపించింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు పెదవుల మీద అన్నారు: "ఒకటి బై ఎనిమిది." రెండో చప్పుడు. "రెండు బై ఎనిమిది." నేను ఆపమనలేదు. ఎనిమిదో రాయి పడింది. పిల్లలంతా కలిసి, ఊపిరి వదిలినంత మెల్లగా, "ఒకటి" అన్నారు.

సున్నను ఒక్కరూ లెక్కపెట్టలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మా వీధి అమ్మాయికి చెప్పాల్సింది ఇది. రొట్టెతో మొదలుపెట్టు, కానీ రొట్టె దగ్గర ఆగిపోకు. ఒక దారం తీసుకో. ఒకటి ఎంతో ముందు ఒప్పించు. మడతలు పిల్లలనే పెట్టనియ్యి. సున్న దగ్గర తొందరపడకు, ఒక రోజంతా పోయినా పోనియ్యి. ఒకటి దగ్గర దారం తెంపకు. ఎనిమిదింట తొమ్మిది ఎక్కడుంటుందని అడుగు, పిల్లలు గోడ దాటి చూస్తారు. బాపు ఇచ్చిన దారం ఇప్పటికీ నా దగ్గరుంది, జాజు మాత్రం మూడుసార్లు కొత్తగా పెట్టాను. తర్వాత సిరిసిల్లలో పనిచేసినప్పుడు సాంచాల చప్పుడులో పిల్లలు ఆ దారాన్ని చూసి, నేను నోరు తెరవకముందే పాఠం సగం చెప్పేవాళ్ళు.

రెండోది నా తప్పు. నా ఆలోచన నాకు ముద్దుగా ఉందని, అందరూ భయంతో నడిచే బాట మీద పిల్లల చేత రాళ్ళు పెట్టించాను. పాఠం బడి గోడల లోపల ఎంత మంచిదైనా, బయట దాన్ని ఎవరెవరు చదువుతారో చూసుకోవాలి. గంగారాం సారు చూశాడు. నేను చూడలేదు. నాకు బదిలీ అయ్యేదాకా ఆయన ఆ రోజు సంగతి నన్ను ఒక్కసారీ అడగలేదు. కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు, అంతే.

సరోజన ఏమైందో నాకు తెలియదు. ఏళ్ళ తరబడి పేపరు రాగానే ముందు ఎన్‌కౌంటర్ల వార్తలే తీసి పేర్లు చూసేదాన్ని. ఆ పేరు కనిపించలేదు. వాళ్ళకు అక్కడ వేరే పేర్లు ఉంటాయని తర్వాత ఎవరో చెప్పారు. అప్పుడు చూడటం మానేశాను.

మూడోది, తప్పు జవాబు గురించి. దాన్ని నేనుగా చెప్పలేను. రాళ్ళు బావిలో పడ్డ తర్వాతి సోమవారం జరిగింది రాస్తాను.

బస్సు దగ్గర

నేను బస్సు దిగుతుంటే ఎల్లవ్వ నెత్తిన మూటతో ఎక్కడానికి నిలబడి ఉంది. పక్కన రాజవ్వ.

"బుగ్గారం పోతున్నం పంతులమ్మా. మా అవ్వగారింటికి. గిక్కడుంటే మళ్ళ అస్తరు, మళ్ళ అడుగుతరు. ఆడ గూడ బడి ఉన్నదట."

కండక్టరు తొందరపెట్టాడు. "ఎక్కుతవా, మూటను ఒక్కదాన్నే పంపుతవా?" ఎల్లవ్వ అతన్ని తిట్టుకుంటూ ఎక్కింది.

సంచిలోంచి దువ్వెన తీసి రాజవ్వకు ఇచ్చాను. ఎక్కడిదని అడగలేదు. పళ్ళలో చిక్కుకున్న వెంట్రుకను చూసింది. దాన్ని తియ్యకుండానే దువ్వెనను జాకెట్లో పెట్టుకుంది.

ఏమైనా చెప్పాలనిపించింది. నాకు వచ్చింది ఒక్కటే. "కొత్త బడిలో సారు భిన్నాలు అడిగితే సున్నను లెక్కపెట్టకు, సరేనా?"

రాజవ్వ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది. మెట్టు మీద ఉంది కాబట్టి మొహం నా మొహానికి సమంగా వచ్చింది. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అంది:

"సున్నను లెక్కవెట్టద్దని నాకు ఎప్పటిసందో ఎరుకనే టీచర్. బాట మీద కావాల్ననే తప్పు జెప్పిన. ఆ దినం మీరు దిద్దుతరేమోనని భయపడ్డ."